మొయినాబాద్ దాటాక పాత పాట

జూలై 1, 2007. ఆదివారం

కంపెనీ వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఆరు నెలలు కారు డిక్కీలో పడి ఉంది. ముందు పేజీలో ఇవాళే పేరు రాశాను: శ్యాంసుందర్, సీనియర్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్, చేవెళ్ల. ప్రతి పేజీలో కస్టమర్ పేరు, ఫోన్ నంబరు, చూపించిన ప్లాటు రాసుకోవడానికి గళ్లు ఉన్నాయి. నేను మాత్రం ఏ కస్టమర్‌కు ఏ పాట పెట్టానో రాస్తాను. నా పనిలో కిటుకు అదే. ఈ రోడ్డు మీద ఇప్పుడు నాలాంటి వాళ్లు రెండు వందల మంది ఉంటారు. అందరి దగ్గరా అవే రంగుల బ్రోచర్లు, అదే రింగ్ రోడ్డు మ్యాపు. నా ఇండికాలో ఉన్న స్పీకర్లు మాత్రం ఎవరి దగ్గరా లేవు.

పద్ధతి ఇది. మెహిదీపట్నంలో కస్టమర్ ఎక్కగానే కొత్త సినిమా పాట, చిన్న సౌండుతో. "ఈ మధ్య ఇదే వింటున్న సార్" అంటాను. ఆ ఒక్క మాటతో మనిషి సగం చుట్టం అయిపోతాడు. అప్పా జంక్షన్ దాటి చెట్లు రోడ్డు మీదికి కమ్ముకునే చోట ఫ్లూటు, తబలా ఉన్న పాట. మొయినాబాద్ దాటాక పాత పాట. అప్పటికి వాళ్లు కిటికీ అద్దం దించుతారు, ఆఫీసు మరిచిపోతారు. ముడిమ్యాల దగ్గర మా వెంచర్ గేటులోకి తిరగగానే పాట ఆపేస్తాను. ఒక్కసారిగా గాలి వినిపిస్తుంది. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ వాళ్లయితే ఆ గాలికే అడ్వాన్సు ఇస్తారు.

మురహరి గారు ఫోన్ చేశారు. మా కంపెనీ డైరెక్టరు. వెనుక లైను ముందు అమ్మమన్నారు, ప్లాట్లు నలభై ఒకటి నుంచి యాభై ఆరు దాకా. సరేనన్నాను. నేను అమ్మగలను.

సాయి ప్రియకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. శంకర్‌పల్లిలో పుట్టింట్లో ఉంది. వాళ్ల అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఉగాది నుంచి తగ్గడం లేదు.

జూలై 8, ఆదివారం

శకుంతలమ్మ గారు. అరవై దాటి ఉంటాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేసి రిటైర్ అయ్యారు. పేపర్లో ప్రకటన చూసి ఫోన్ చేశారు. మెహిదీపట్నంలో గొడుగుతో ఒక్కరే నిలబడి ఉన్నారు. వెనుక డోరు తీస్తే వద్దని ముందు సీట్లో కూర్చున్నారు.

ఈ మధ్య ఇదే వింటున్నానమ్మా అన్నాను, అలవాటుగా. మిగతా కస్టమర్లు ఈ మాటకు తలూపి ఊరుకుంటారు. ఆమె నా వైపు తిరిగి, "ఇందుల నీకు ఏది నచ్చింది?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. వీణ అన్నాను. అది వీణ కాదట, సితార. నవ్వేసి ఊరుకున్నాను.

గేటు దగ్గర పాట ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఒడవనియ్యి బిడ్డా." చేసేదేముంది, రాళ్లు పాతిన వెంచర్ ముందు ఏసీ వేసుకుని పాట అయిపోయేదాకా కూర్చున్నాం. తర్వాత దిగి అయిదు నిమిషాలు చూసి, వచ్చే ఆదివారం మళ్లీ వస్తానంది, సరిగ్గా చూడలేదట.

పక్కా కస్టమర్. రాసిపెట్టుకోవచ్చు.

జూలై 15, ఆదివారం

మడతపెట్టిన కాగితం తెచ్చింది. రిజిస్ట్రేషన్ గురించి ప్రశ్నలు రాసుకొచ్చిందనుకున్నాను. పాటల జాబితా. సినిమాల పేర్లు చాలావాటికి గుర్తు లేవట. 'బావి దగ్గర ఆడవాళ్లు పాడేది, మధ్యలో గిరక చప్పుడు', 'రైల్లో ఆయన పాడుతుంటే ఆమె కిటికీ వైపు తిరిగి ఉంటుంది', 'జోలపాటే, కానీ నిద్ర రానివ్వదు'. ఇలా పదకొండు. నా దగ్గర లేవన్నాను. అయితే నీవే పెట్టు, కానీ నువ్వు నిజంగా వింటున్నవే పెట్టు అంది.

ఇంటికొచ్చి ఆలోచించాను. కస్టమర్ పక్కన లేకుండా నేను విన్న పాట ఈ ఏడాదిలో ఒక్కటీ గుర్తు రాలేదు. పని మీద అంత ధ్యాస ఉన్నవాళ్లు తక్కువ.

జూలై 17

చేవెళ్లలో నెట్ సెంటర్ గిద్యోను చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. జాబితా చదివి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఒక్కో పాటా ఈల వేసి, ఇదేనా అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు. రెండు గంటల్లో తొమ్మిది దొరికాయి. సీడీ మీద ఆయన 'శకుంతలమ్మ' అని రాశాడు. నేను దాని కింద 'ప్లాటు 47' అని రాసుకున్నాను.

జూలై 18

కూరగాయల మార్కెట్ వెనుక కారు ఆపుకుని ఒక్కడినే ఆ సీడీ విన్నాను. సీడీ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని.

జోలపాటలో రెండో చరణం ముందు, పాడే ఆమె గాలి పీల్చుకోవడం వినిపిస్తుంది. చిన్న చప్పుడు. దాని కోసం మూడుసార్లు వెనక్కి తిప్పాను. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. సాయి ప్రియకు చేశాను. ఎత్తలేదు. గిద్యోనుకు చెప్పాను. ఇంకా రెండు చోట్ల ఉంది, విను అన్నాడు. ఉంది.

జూలై 22, ఆదివారం

గాలి పీల్చుకునే చోటు గురించి శకుంతలమ్మ గారికి చెప్పాను. నేను చెప్పింది సగంలోనే ఆపి, కళ్లు మూసుకుని, సరిగ్గా ఆ చోటు రాబోయే ముందు వేలు పైకెత్తింది. వాళ్ల ఆయన కూడా అదే చోటు చూపించేవాడట. ఆయన ఏం చేస్తుంటారని అడిగాను. ఇంట్లో ఉంటాడు అంది.

ప్లాట్లు చూసింది నాలుగు నిమిషాలు.

జూలై 24

శంకర్‌పల్లి రైల్వే గేటు దగ్గర వేణుమాధవ్ బావ కనిపించాడు. సాయి ప్రియ అన్న. స్టీలు సామాన్ల దుకాణం. నన్ను చూసి స్కూటర్ తిప్పుకుని పోయాడు.

శంకర్‌పల్లి పక్కనున్న ప్రొద్దుటూరు వెంచర్‌లో ఆయనకు ప్లాటు ఇప్పించింది నేనే. దాని మీద కోర్టు కేసు పడిందంటే నా తప్పు ఎలా అవుతుంది? నాకు అప్పుడు తెలియదు. కంపెనీ చెప్పలేదు. ఎవరడిగినా ఇదే చెప్తాను.

జూలై 29, ఆదివారం

మురహరి గారు అడిగారు, నాలుగు ఆదివారాలుగా ఆ ముసలామెనే ఎందుకు తిప్పుతున్నావని. సాఫ్ట్‌వేర్ వాళ్లు తొందరగా కొంటారు, పెద్దవాళ్లు నిదానంగా కొంటారు, కానీ మాట మార్చరు అని చెప్పాను. ఒప్పుకున్నారు.

ఇవాళ వాన. కారు దిగలేదు. గేటు బయటే ఆపి మూడు పాటలు విన్నాం. ఒకటి నాది, ఈ వారం నిజంగానే వింటున్నది, డప్పు ఉన్న కొత్త పాట. ఆమెకు నచ్చలేదు. "నాకు నచ్చలే గని నువ్వు ఇను. నీకు ఎందుకు నచ్చిందో చెప్పు, నేను మళ్ల ఇంట." చెప్పడానికి ప్రయత్నించాను. మొదటి మోత తర్వాత డప్పు కాసేపు ఆగుతుంది, మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో తెలియదు, అందుకు అన్నాను. మళ్లీ పెట్టమంది. ఈసారి ఆ చోట నా వైపు చూసి తలాడించింది.

తిరుగుదారిలో నాకు ఎంత హుషారుగా ఉందంటే, ఆమెకు ప్లాటు నంబరు గుర్తు చేయడం మరిచిపోయాను.

ఆగస్టు 2, గురువారం

వెనుక లైను దగ్గర బుచ్చయ్య నన్ను ఆపాడు. వెంచర్ అంచున ఉన్న మొక్కజొన్న చేను ఆయనదే. మా కంపెనీ కొన్న భూమి కూడా ఒకప్పుడు వాళ్లదే. కొడవలి చంకలో పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడాడు. "మా అక్క అంతమ్మకు ఇందుల భాగం ఉన్నది సేటు. ఆమె నిషానీ పెట్టలే, పెట్టదు. కచేరికి పోయి కేసు ఏసింది. ఈ లైనుకు జనాన్ని తోలుకరాకు."

కంపెనీతో మాట్లాడతానని చెప్పాను.

సంతకాల గొడవలు ప్రతి వెంచర్‌లోనూ ఉంటాయి. తర్వాత సర్దుకుంటాయి. ముందు నుంచీ తెలిసిందే.

ఆగస్టు 5, ఆదివారం

బుచ్చయ్య చేలో లేడు. మంచిదైంది.

ఆగస్టు 12, ఆదివారం

శకుంతలమ్మ గారు రాలేదు. అరగంట చూసి ఇంటికి ఫోన్ చేశాను. వాళ్ల అమ్మాయి ఎత్తింది. గుసగుసగా, ఇంటికి ఫోన్ చెయ్యద్దండి, నాన్నకు బాగుండదు అని పెట్టేసింది.

ఇంకో కస్టమర్‌ను తిప్పాను. ఏ పాట పెట్టానో రాయాలనిపించలేదు.

ఆగస్టు 14

కొత్త బ్రోచర్ ఇచ్చే పని పెట్టుకుని మెహిదీపట్నం వెళ్లాను. బజారు వెనుక సందులో రెండో అంతస్తు. తలుపు గంట మీద టేపు అంటించి ఉంది. తట్టబోతుండగానే శకుంతలమ్మ గారు తలుపు తీసి, నోటి మీద వేలు పెట్టింది.

ముందు గదిలో పేము కుర్చీలో కాశీనాథ్ గారు. ఆమె భర్త. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. నాలుగేళ్ల కింద పక్షవాతం వచ్చిందట. గోడ పొడుగునా గ్రామఫోన్ రికార్డులు, అద్దాల బీరువాలో, వరసగా. ఫోను మీద దళసరి తువ్వాలు కప్పి ఉంది. ఆయన నన్ను చూసి నవ్వారు. నేను ఏం మాట్లాడాలో తెలియక బ్రోచర్ ఆయన ఎడమ చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

ఆమె నన్ను మెట్ల దగ్గరికి తీసుకొచ్చింది. చిన్న గొంతుతో చెప్పింది.

"పాట ఇంటె, ఆఖరికి గంట మోగిన గూడ, ఆయనకు ఏడుపొస్తది బిడ్డా. ఇగ ఆగదు, ఊపిరాడదు. మేమిద్దరం ముప్పై ఏండ్లు కలిసి ఇన్నం. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకొని గీ మెట్ల మీద కూసోని గూడ చూసిన. మంచిగున్నదని చెప్పెతందుకు పక్కన మనిషి లేకుంటె పాట ఒడిసినట్టే అనిపియ్యదు."

మెట్టు మీద కూర్చుని మళ్లీ అంది. "నేను ప్లాటు కొనేదాన్ని కాదు. బిడ్డ ఆదివారం రెండు గంటలు ఆయన దగ్గర కూసుంటది, గప్పుడు నీ కార్ల ఎక్కుతున్న. నిన్ను మోసం చేసిన, గందుకే మొన్న రాబుద్ధి కాలే. మనసుల పెట్టుకోకు."

పర్వాలేదమ్మా అన్నాను. ఆదివారం వస్తానన్నాను.

ఆమె ఇక కస్టమర్ కాదు. పెట్రోలు నాది. అయినా తిరిగి వచ్చేటప్పుడు నాకు కోపం రాలేదు. మురహరి గారికి చెప్పకపోతే సరి.

ఆగస్టు 19, ఆదివారం

అజీజ్‌నగర్ దగ్గర ఆమే సౌండు తగ్గించింది. అమ్మాయితో మాట్లాడిందట. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు బ్యాంకులో ఊరికే ఉందట. "ఉత్తగనే నీ కార్ల తిరుగుడు నాకు పడ్తలేదు. నువ్వు ఏది మంచిదంటె గది రాయి. చెక్కు వచ్చే వారం ఇస్త."

నలభై ఏడు అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

ఏడు ఆదివారాల్లో అయింది. ఆమె కొనదని ఆమె అనుకుంది, మురహరి గారు అనుకున్నారు. నేను మొదటి రోజే రాశాను పక్కా కస్టమర్ అని. వెనక్కి తిప్పి చూసుకున్నాను, అలాగే ఉంది.

మొయినాబాద్ దాటాక ఏం పాట పెట్టానో గుర్తు లేదు.

ఆగస్టు 20

అంతమ్మ సంతకం ఈ నెలలోనే అయిపోతుందని మురహరి గారు అన్నారు. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అన్నారు.

ఆగస్టు 22

సాయి ప్రియ ఫోన్ ఎత్తింది. రెండు నెలల తర్వాత. ఏం చెప్పాలో తోచక శకుంతలమ్మ గారి సంగతంతా చెప్పాను. పాటల జాబితా, జోలపాట, మెట్ల మీద ఆమె అన్న మాట, చివరకు ప్లాటు. సంతోషిస్తుందనుకున్నాను.

"ఏ లైను?" అని అడిగింది.

వెనుక లైను అన్నాను.

"ఆ లైను సంగతి శంకర్‌పల్లిల అందరికి ఎరికె. మీకు తెల్వదా?"

సంతకం ఈ నెలలో అయిపోతుందన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. "అన్నకు ప్లాటు చూపియ్యవోయిన నాడు మీరు కార్ల ఏం పాట పెట్టిన్రో నాకు యాదికున్నది. ఎనక సీట్ల కూసున్నది నేనే గద. ఆ పాట ఇప్పుడు మా ఇంట్ల ఎవ్వరు పెట్టరు. టీవీల వస్తె అమ్మ లేసిపోయి బంద్ చేస్తది."

మోకాళ్ల నొప్పులతోనా అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"అమ్మ మోకాళ్లు మంచిగనే ఉన్నయి" అని పెట్టేసింది.

ఆగస్టు 23

ప్రొద్దుటూరు ప్లాటు సంగతి నాకు అప్పుడు తెలియదు. కంపెనీ దాచింది. నేను జీతగాణ్ని. కాగితాలు చూసే పని లీగల్ వాళ్లది, నాది కాదు. నేను మనిషిని తీసుకెళ్తాను, చూపిస్తాను, తీసుకొస్తాను. బావ చదువుకున్నవాడే, దుకాణం నడిపేవాడే, ఆయన కూడా అడగలేదు. పైగా ఆ రోజు ఎంత సంతోషంగా ఉన్నాడు. దారి పొడుగునా పాడుతూనే ఉన్నాడు. నాకు అప్పుడు తెలియదు.

ఈ మాట ఈ డైరీలో ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టాను.

తెలుసు. ఆ రోజు పొద్దున మురహరి గారి టేబుల్ మీద కోర్టు నోటీసు చూశాను. ప్రొద్దుటూరు పేరు, సర్వే నంబరు, అన్నీ చదివాను. ఆయన దాని మీద ఫైలు పెట్టి, మీ బావ ఎన్నింటికి వస్తాడు అని అడిగారు. పదింటికి అని చెప్పాను. బయటికి వచ్చి, కారులో కూర్చుని, బావకు ఇష్టమైన పాట ఏ సీడీలో ఉందో వెతికాను.

ఆగస్టు 26, ఆదివారం

శకుంతలమ్మ గారు చెక్కుబుక్కు సంచిలో పెట్టుకుని వచ్చింది. కట్టుకున్నది కొత్త చీర. నేను పాట పెట్టలేదు. అప్పా జంక్షన్ దాకా చూసి, స్పీకర్లు పాడయ్యాయా అని అడిగింది. బాగానే ఉన్నాయన్నాను.

మొయినాబాద్ బస్టాండు దాటి, మక్క కంకులు కాల్చే బండ్ల దగ్గర కారు పక్కకు తీశాను. నా మాటలు ఎప్పుడూ వరసగా వస్తాయి. ఇవాళ రాలేదు.

"అమ్మా, ఆ ప్లాటు తీసుకోవద్దు. ఆ భూమిల ఒకామెకు భాగం ఉన్నది. ఆమె నిషానీ పెట్టలే. ఆ సంగతి నాకు ముందు నుంచి ఎరికె."

ఆమె చాలాసేపు కంకుల పొగ వైపు చూసింది. తర్వాత ప్లాటు గురించి ఒక్క ముక్క అడగలేదు.

"మరి పాటలు?" అంది.

"మొదటి రెండు ఆదివారాలు అమ్మెతందుకే పెట్టిన. జోలపాట ఇన్నంక కాదు."

"పోయిన ఆదివారం?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. ఆమె కోరుకున్నది కూడా అదే కావచ్చు.

"పోయిన ఆదివారం మళ్ల అమ్మెతందుకే" అన్నాను.

ఇంటికి పోదాం అంది.  సందు మొదట్లో దిగి, చప్పుడు కాకుండా డోరు వేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆగస్టు 27

ఉద్యోగం మానేశాను. నలభై ఏడు కొనొద్దని నేనే చెప్పానంటే మురహరి గారు నన్ను పొమ్మన్నారు, ఆ తర్వాత నేను మానేస్తున్నానని చెప్పాను. కొంచెం ముందు వెనుకలు. డైరీ కూడా కంపెనీదే కదా అన్నాడు అక్కడి అకౌంటెంటు. వాడేశానని చెప్పాను.

ఆగస్టు 28

ముడిమ్యాల వెళ్లి, వెనుక లైను నేను ఇక అమ్మనని బుచ్చయ్యకు చెప్పాను. ఇంకొకడు అమ్ముతాడు కద సేటు అన్నాడు. నిజమే. కచేరిలో కావాలంటే నాకు తెలిసింది రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాను. ఈ మాట అనుకుని వెళ్లింది కాదు. అన్నాక బాగానే ఉందనిపించింది.

ఆగస్టు 30

శంకర్‌పల్లి. దుకాణంలో బావ బిందెలు దించుతున్నాడు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

"బావా, నాకు అప్పుడే ఎరికె. నోటీసు చూసిన. చూసి గూడ నిన్ను తోలుకపోయిన."

ఆయన చేతిలో బిందె అలాగే ఉంది. తిడతాడనుకున్నాను. ఆరు నెలల నుంచి తెలియదు తెలియదు అంటుంటే నేనే పిచ్చోణ్నేమో అనుకున్న అన్నాడు. అంతే. బిందె కింద పెట్టి ఇంకోటి అందుకున్నాడు.

కేసులో ఆయన తరఫున సాక్ష్యం చెప్తానని, నా వాటాకు వచ్చిన కమీషను తిరిగి ఇస్తానని చెప్పాను. అందుకు కారు అమ్మాలి. అమ్ముతాను. సాయి ప్రియ లోపలి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. నా చేతికి ఇవ్వలేదు. నేను తాగి వచ్చేశాను.

సెప్టెంబర్ 3

వకీలు దగ్గర బావా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టాను. 

సెప్టెంబర్ 9, ఆదివారం

మా అన్న కిరాణా దుకాణంలో కూర్చుంటున్నాను. చిన్నప్పుడు కూర్చున్న చోటే. పప్పుల పేర్లన్నీ గుర్తున్నాయి, పాత వాళ్లందరూ నన్ను గుర్తుపడుతున్నారు. ఈ పని కూడా నేను బాగానే చేస్తాను.

మధ్యాహ్నం ఫోన్. శకుంతలమ్మ గారు. వీధి చివర రూపాయి బిళ్ల ఫోను నుంచి.

"శ్యాంసుందర్, ఈ వారం ఏం ఇంటున్నవు?"

"ఏం ఇంటలేనమ్మా. పక్కన పిండి గిర్ని ఉన్నది. పొద్దంత గదే."

అవతల ఇంకో రూపాయి బిళ్ల వేసిన చప్పుడైంది. తర్వాత చెప్పింది. రెండు వారాలు కోపంగానే ఉందట. కోపంలో కూడా జోలపాట గుర్తొస్తే, ఆ గాలి పీల్చుకునే చోటు నాతోనే చెప్పాలనిపించిందట. "మోసం నేను గూడ చేసిన గద. ఇద్దరం చెప్పుకున్నం, ఒడిసింది. వచ్చే ఆదివారం రా."

ఆ మర్నాడు సోమవారమే కారు కొన్నవాళ్లు తీసుకుపోతారని చెప్పాను. అయితే ఆదివారం ఉంటుంది కదా అంది.

సెప్టెంబర్ 13

సాయి ప్రియ ఫోన్ ఎత్తింది. ఆదివారం సంగతి చెప్పాను. శకుంతలమ్మ గారిని చూడాలని ఉంది అంది. నన్ను చూడాలని అనలేదు. సరేనన్నాను.

సెప్టెంబర్ 16, ఆదివారం

మెహిదీపట్నంలో శకుంతలమ్మ గారిని ఎక్కించుకుని చేవెళ్ల మీదుగా శంకర్‌పల్లి వెళ్లాను. రైల్వే గేటు దగ్గర సాయి ప్రియ వెనుక సీట్లో ఎక్కింది. ప్రొద్దుటూరు దారి పట్టాం. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి నేను ముందే చెప్పాను కాబట్టి కొత్త ఏమీ లేదు. కాశీనాథ్ గారు ఎలా ఉన్నారని సాయి ప్రియ అడిగింది. ఈ వారం నిద్ర బాగా పట్టిందట.

నేను సీడీ పెట్టబోయాను. అద్దంలో సాయి ప్రియ ముఖం చూసి మానేశాను. నా చేతితో పెట్టిన పాట ఆమె ఇప్పుడప్పుడే వినదు.

శకుంతలమ్మ గారు వెనక్కి తిరిగింది. "నువ్వు ఏం ఇంటున్నవు బిడ్డా, ఈ మధ్య?"

పెళ్లయిన మూడేళ్లలో ఈ కారులో సాయి ప్రియకు కొన్ని వందల పాటలు వినిపించి ఉంటాను. ఈ ప్రశ్న నేను అడగలేదు. జవాబు కోసం స్టీరింగ్ పట్టుకుని ఎదురుచూశాను.

సినిమా పాటలు ఏవీ వినడం లేదంది. పక్కింట్లో ఒకామె మిషను కుడుతూ మధ్యాహ్నం పూట ఒక పాట పాడుకుంటుందట. పని ఉన్నా లేకపోయినా ఆ వేళకు తను పెరట్లోకి వెళ్లి నిలబడుతుందట. ఎక్కడి పాటో, ఏ ఊరిదో తెలియదు. ఆమెను అడగాలంటే మొహమాటం, అడిగితే పాడటం ఆపేస్తుందేమోనని.

ఎట్లుంటది, జర అను అంది శకుంతలమ్మ గారు. సాయి ప్రియ కిటికీ వైపు తిరిగి, చిన్నగా, మాటలు లేకుండా బాణీ ఒక్కటే అంది. పైకి పోతుందనుకున్న చోట కిందికి దిగుతుంది. రెండోసారి అన్నప్పుడు కొంచెం గొంతు విప్పింది.

శకుంతలమ్మ గారు చాలాసేపు ఆలోచించింది. నాకు తెల్వదు అంది చివరకు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఎంత సంతోషమో. నాకూ తెలియదన్నాను. కారులో ఉన్నవన్నీ వెతికినా అది దొరకదు.

ప్రొద్దుటూరులో మా పాత వెంచర్ బోర్డు పక్క నుంచే పోయాం. ముగ్గురం చూశాం. 

తిరిగి రైల్వే గేటు దగ్గర సాయి ప్రియ దిగింది. శకుంతలమ్మ గారితో, వచ్చే ఆదివారం బస్సులో శంకర్‌పల్లికే రండి అంది. మధ్యాహ్నం వేళకు వస్తే పెరట్లో నిలబడి వినవచ్చట. నా కిటికీ దగ్గరికి వచ్చి ఆగింది. బావ కోపం పోవడానికి చాలా రోజులు పడుతుందని చెప్పింది. తనకు కూడా అంది. పట్టనీ అన్నాను.

"ఆ బాణీ యాది మర్వకున్రి" అంది. "గిద్యోనుకు ఏమన్న తెలుస్తదేమో అడుగున్రి."

మరిచిపోతానేమోనని దారి పొడుగునా పాడుకుంటూ వచ్చాను. నా గొంతు బాగుండదు, ఈ సంగతి నాకూ తెలుసు. కిందికి దిగే చోట ప్రతిసారీ పైకి పోతున్నాను. ముడిమ్యాల దగ్గర శకుంతలమ్మ గారు ఒకసారి సరిచేసింది, మొయినాబాద్‌లో ఇంకోసారి. లంగర్‌హౌజ్ వచ్చేసరికి ఆమె కూడా అందుకుంది. సిగ్నల్ దగ్గర పక్క కారు వాళ్లు చూశారు. చూడనీ అనుకున్నాను.

సందు మొదట్లో దిగుతూ, ఇప్పుడు సరిగ్గా వచ్చింది, మరిచిపోకముందే పోయి ఆమెకు పాడి వినిపించు అంది.

కారు పక్కకు తీసి సాయి ప్రియకు ఫోన్ చేశాను. ఎత్తింది.